గట్టిగా పరుగెత్తాక ఆకలి వేయదు, మరి ఎప్పుడు తినాలి, ఏం తినాలి

అనంతపురంలో పొద్దున్నే ఏ గ్రౌండ్‌కు పోయినా కానిస్టేబుల్ ఈవెంట్స్‌కో, ఆర్మీ ర్యాలీకో ప్రాక్టీస్ చేసే పిల్లలు కనపడతారు. 1600 మీటర్లు టైమ్ పెట్టుకుని లాగి, ఆపైన నాలుగైదు స్ప్రింట్లు కొట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్న పిల్లోణ్ని "ఏమన్నా తింటివా?" అని అడగండి. "ఇప్పుడొద్దులేన్నా, కడుపులో తిప్పుతాంది" అంటాడు. అట్నుంచి అటే కోచింగ్ క్లాసుకు పోతాడు, మధ్యాహ్నం మెస్‌లో ఏదో తిన్నాననిపిస్తాడు, రాత్రి తొమ్మిది దాటాక మాత్రం ఆకలి ఒక్కసారిగా మీద పడుతుంది, ఇక అప్పుడు బండి మీద నూడుల్స్, బజ్జీలు, ఏది కనపడితే అది. పొద్దున లేస్తే కాళ్లు బరువు. నెల గడిచినా టైమింగ్ తగ్గదు.

ఇంకో రకం వాళ్లున్నారు. బరువు తగ్గాలని జిమ్‌లో చేరి, వర్కవుట్ అయ్యాక ఆకలి లేకపోయేసరికి సంబరపడి టిఫిన్ ఎగ్గొట్టేవాళ్లు. ఈ ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే మాట: గట్టి వ్యాయామం తర్వాత ఆకలి వేయలేదంటే ఒంటికి తిండి అక్కర్లేదని కాదు, ఆ కబురు మీకు ఆలస్యంగా అందుతుంది. ఆ గంట, గంటన్నర సేపు ఆకలిని నమ్మకుండా గడియారాన్ని చూసి తినండి. ఎలా తినాలో కింద వరసగా రాస్తున్నా, కానీ ముందు లోపల ఏం జరుగుతుందో కాస్త తెలుసుకుంటే మిగతాదంతా గుర్తుపెట్టుకోవడం సులువు.

అసలు ఆకలి ఎందుకు పోతుంది

ఖాళీ కడుపు నుంచి మెదడుకు "తిను" అని చెప్పే హార్మోన్ ఒకటుంది, పేరు గ్రెలిన్. దీన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మామూలుగా భోజనం వేళకు ఇది పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. గట్టిగా పరుగెత్తినప్పుడు మాత్రం ఏమీ తినకపోయినా ఇది కిందికి పడిపోతుంది. అదే సమయంలో పేగుల నుంచి వచ్చే పీవైవై, జీఎల్‌పీ-1 అనే రెండు హార్మోన్లు పెరుగుతాయి, వీటి పని "చాలు" అని చెప్పడం. (బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు కదా, అవి అనుకరించేది ఈ జీఎల్‌పీ-1నే. కాకపోతే ఇంజెక్షన్ ప్రభావం రోజుల తరబడి ఉంటుంది, మీ పరుగు ప్రభావం కాసేపే.)

దీనికి తోడు రక్తం. పరుగులో ఒంట్లోని రక్తం ఎక్కువ భాగం కాళ్ల కండరాలకు, చెమట పట్టే చర్మానికి మళ్లుతుంది, కడుపుకు, పేగులకు అందేది బాగా తగ్గుతుంది. అందుకే స్ప్రింట్ల తర్వాత కడుపులో తిప్పడం, వాంతి వచ్చినట్టుండటం. 2022లో ఇంకో సంగతి బయటపడింది. ఆయాసం వచ్చేలా కష్టపడినప్పుడు కండరాల్లో ల్యాక్టేట్ అనే పదార్థం పేరుకుంటుంది, అది ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లంతో (ప్రొటీన్‌లో ఉండే ఒక ముక్క) కలిసి ల్యాక్-ఫీ అనే పదార్థంగా మారుతుంది. దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే అవి తిండి తగ్గించేశాయి. మనుషుల్లో చూస్తే స్ప్రింట్ల తర్వాత అది బాగా పెరిగింది, బరువులు ఎత్తినప్పుడు, నిదానంగా ఎక్కువసేపు చేసినప్పుడు అంతకంటే తక్కువగా పెరిగింది.

ఇదంతా ఎంతసేపు? చాలామందిలో అరగంట నుంచి గంట, మరీ గట్టిగా చేస్తే ఇంకొంచెం ఎక్కువ. ఆ తర్వాత గ్రెలిన్ మళ్లీ మామూలుకొస్తుంది. ఆలోగా మీరు బస్సులోనో క్లాసులోనో ఇరుక్కుపోయి ఉంటారు, చేతిలో తిండి ఉండదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మొదటి పని: మీ వ్యాయామం ఏ రకమో చూసుకోండి

చేస్తున్నప్పుడు పక్కవాడితో మాట్లాడగలుగుతున్నారా? హాయిగా కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంటే మీ ఆకలి మీద పెద్ద ప్రభావం ఉండదు, పెరగదు, తగ్గదు. రెండు మాటలు వరసగా అనలేనంత ఆయాసం వస్తుంటే అది గట్టి వ్యాయామం, ఈ వ్యాసం అలాంటివాళ్ల కోసం.

ఈతది వేరే దారి, ముఖ్యంగా చల్లటి నీళ్లలో. నీళ్లలో సైకిల్ తొక్కించి చూసిన ఒక ప్రయోగంలో 33 డిగ్రీల నీళ్లలో చేసినవాళ్ల కంటే 20 డిగ్రీల నీళ్లలో చేసినవాళ్లు తర్వాత బాగా ఎక్కువ తిన్నారు. బావిలో ఈత కొట్టి ఇంటికొచ్చిన పిల్లలు గిన్నెలు ఖాళీ చేస్తారని మన అమ్మలకు ఎప్పటినుంచో తెలిసిందే. ఎండ దీనికి సరిగ్గా ఉల్టా, ఒళ్లు వేడెక్కితే ఆకలి ఇంకా చస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురం మూడు చోట్లా 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి గట్టి వ్యాయామం, ఎండ రెండూ కలిసి మీ ఆకలిని తొక్కేస్తాయి. ఎండాకాలం ప్రాక్టీస్‌లో పిల్లలు చిక్కిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

రెండో పని: తిండి ముందురోజు రాత్రే సిద్ధం చేసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, జనం అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే. ఆకలి లేనప్పుడు ఎవరూ వంట మొదలుపెట్టరు, హోటల్ వెతుక్కుంటూ పోరు. కాబట్టి పరుగు అయ్యేసరికి తిండి మీ బ్యాగులోనే ఉండాలి.

మన ప్రాంతంలో దీనికి రాగి జావను మించింది లేదు. రూమ్‌లో చిన్న స్టవ్ ఉంటే చాలు. రెండు మూడు పెద్ద స్పూన్ల రాగిపిండిని గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఇంకో రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, మంట తగ్గించి, ఆ కలిపిన పిండిని ఒక చేత్తో సన్నగా పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూ ఉండాలి, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. రంగు ముదిరి, పచ్చి వాసన పోయి, గరిటె నుంచి జారేటప్పుడు మెరుపు కనపడితే ఉడికినట్టు. చల్లారాక ఉప్పు, మజ్జిగ వేసి పల్చగా చేసుకుని సీసాలో పోసుకోండి. మరీ ఎండాకాలమైతే మజ్జిగ పొద్దునే కలపండి, రాత్రే కలిపితే పులిసిపోతుంది. నమలాల్సిన పని లేకపోవడమే దీని గొప్పతనం. ఆకలి లేనివాడికి ముద్ద నోట్లో పెట్టుకోవడం కష్టం కానీ చల్లటి జావ గుటక గుటకగా దిగిపోతుంది.

జావ కుదరకపోతే రెండు అరటిపండ్లు, ఒక గుప్పెడు వేయించిన శనక్కాయలు. అదీ లేకపోతే పప్పులు (పుట్నాలు), బెల్లం. ఇవి ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి, రేటు కూడా ఎవరికీ భారం కాదు.

మూడో పని: పరుగుకు ముందు

ఇక్కడ ఎక్కువ చెప్పను. నిండు భోజనం చేస్తే గట్టి పరుగుకు రెండు మూడు గంటలు ఆగండి. పొద్దున ఐదున్నరకు గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు అరగంట ముందు సగం అరటిపండో, రెండు ఖర్జూరాలో తిని రావచ్చు. ఏమీ పడనివాళ్లు రాత్రి బాగా తిని ఉంటే పరగడుపున చేసినా ఇబ్బంది లేదు. కానీ రాత్రీ సరిగ్గా తినకుండా, పొద్దునా తినకుండా స్ప్రింట్లు కొడితే కళ్లు బైర్లు కమ్ముతాయి, అలా మాత్రం చేయకండి.

నాలుగో పని: ఆగిన వెంటనే

కూలబడిపోవద్దు. పది నిమిషాలు నిదానంగా నడవండి. గుండె దడ తగ్గుతుంది, కడుపుకు రక్తం తిరిగి చేరడం మొదలవుతుంది, తిప్పడం దానంతటదే తగ్గుతుంది. నీళ్లు ఒక్కసారిగా సీసా ఎత్తి పోసుకోకుండా కొద్దికొద్దిగా తాగండి.

ఎన్ని నీళ్లు తాగాలో తెలియకపోతే ఒక పని చేయండి. పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గారంటే దాదాపు ఒక లీటరు నీళ్లు చెమటగా పోయాయని అర్థం, అది కొవ్వు కరగడం కాదు. ఆ లీటరుకు బదులు లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా, ఒకేసారి కాదు, రాబోయే కొన్ని గంటల్లో తాగాలి. ఉత్త నీళ్లే కాకుండా ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ లాంటివి కలుపుకోండి, చెమటలో ఉప్పూ పోతుంది కాబట్టి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వికారం ఎక్కువై తిండి అసలే దిగదు. అందుకే తిండి కంటే ముందు నీళ్ల సంగతి చెప్తున్నా.

ఎవరైనా తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది ఆకలి సంగతి కాదు, వడదెబ్బ. నీడకు తీసుకుపోయి ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.

ఐదో పని: మొదటి అరగంట, ఆ తర్వాత గంట

ఆగిన ఇరవై, ముప్పై నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అలారం మోగినప్పుడు ఆకలి ఉందా లేదా అని ఆలోచించొద్దు, సీసా తీసి జావ తాగండి. మొత్తం ఒకేసారి పోకపోతే సగం. సగం తాగిన పావుగంటకు మిగతా సగం దానంతటదే పోతుంది, చేసి చూడండి.

ఆ తర్వాత గంట, గంటన్నర లోపు అసలు టిఫిన్. ఇందులో రెండు ఉండాలి. ఖాళీ అయిన కండరాలను నింపే పిండిపదార్థం ఒకటి, కండరాన్ని బాగుచేసే ప్రొటీన్ ఒకటి. ప్రొటీన్ ఒకసారికి కిలో బరువుకు 0.3 గ్రాములు లెక్కేసుకోవచ్చు, అంటే 60 కిలోల మనిషికి 18 నుంచి 20 గ్రాములు. రోజు మొత్తానికి గట్టిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా చెప్తారు.

ఇప్పుడు మన టిఫిన్ల సంగతి. గ్రౌండ్ బయట బండి మీద మీకు దొరికేది ఉగ్గాని, బజ్జి. ఉగ్గాని గురించి చాలామంది జిమ్ ట్రైనర్లు చులకనగా మాట్లాడుతుంటే నాకు బాధేస్తుంది. నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపు, పైన పప్పుల పొడి, ఇందులో చెడ్డదేముంది? తేలిగ్గా అరుగుతుంది, కండరాలకు కావాల్సిన పిండిపదార్థం దండిగా ఉంది. లేనిదల్లా ప్రొటీన్. పప్పుల పొడి ఇంకో స్పూను వేయమని అడగండి, దాంతోపాటు రెండు మూడు ఉడకబెట్టిన గుడ్లు తినండి. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, మూడు తింటే 18. గుడ్డు తిననివాళ్లు గ్లాసు పాలు, గుప్పెడు శనక్కాయలు కలిపితే 15 గ్రాముల దాకా వస్తుంది. మిరపకాయ బజ్జిని మాత్రం ఆ గంటలో పక్కన పెట్టండి. తిప్పుతున్న కడుపులో నూనె, కారం పడితే మంట, తేన్పులు, ఆపైన మధ్యాహ్నం దాకా ఇంకేమీ తినలేరు. ఆదివారం తినండి, ఎవరు వద్దన్నారు.

ఇంట్లో ఉండేవాళ్లకు ఇంకా సులువు. కర్నూలు వైపు జొన్నరొట్టె, పప్పు. కడప, అనంతపురం వైపు సంగటి, దాంట్లోకి పప్పో, ఊరిమిండి పచ్చడో, ముందురోజు కోడిగుడ్డు పులుసు ఉంటే అదో. అమ్మ పొద్దున్నే "రెండు ముద్దలన్నా తినిపోరా నాయనా" అంటే, ఆకలి లేకపోయినా ఆ రెండు ముద్దలు తినే పోండి, సైన్స్ ఈసారి అమ్మ వైపే ఉంది.

ఆరో పని: సాయంత్రం ఆకలిని పట్టుకోండి

పొద్దున సరిగ్గా తిన్నా సాయంత్రం నాలుగు, ఐదుకు ఆకలి వేస్తుంది. అది మంచి గుర్తు. దాన్ని టీతో, సిగరెట్‌తో అణిచేయకండి. ఉడకబెట్టిన శనక్కాయలు, గుగ్గిళ్లు, పెరుగన్నం, ఏదో ఒకటి కడుపులో పడితే రాత్రి బండి మీద పడి తినడం ఉండదు. ముఖ్యంగా సాయంత్రం కూడా రెండోసారి గ్రౌండ్‌కు పోయేవాళ్లు మధ్యాహ్నం భోజనాన్ని అసలు తగ్గించకూడదు. రెండుసార్లు గట్టిగా చేస్తే ఆకలి రెండుసార్లు అణుగుతుంది, రోజు మొత్తంలో మీకు నిజంగా ఆకలేసే వేళలు రెండో మూడో మిగులుతాయి, ఆ కాస్త టైమ్‌లో రోజంతటి తిండి పట్టదు.

బరువు తగ్గాలనుకునేవాళ్లకు

మీ సంగతి వేరు కాబట్టి విడిగా రాస్తున్నా. గట్టి వ్యాయామం చేసిన రోజున మనిషి ఆ ఖర్చయిన క్యాలరీలన్నీ అదే రోజు తిరిగి తినేయడు, ఇది చాలా ప్రయోగాల్లో కనపడింది, మీకు మంచి వార్తే. కానీ వారాలు గడిచేకొద్దీ ఒళ్లు లెక్క సరిచేసుకోవడం మొదలుపెడుతుంది, అదీ అందరిలో ఒకేలా కాదు. ఒకే వ్యాయామం చేయించిన గుంపులో కొందరు బాగా తగ్గుతారు, కొందరికి ఆకలి పెరిగి తిండి పెరిగి అక్కడే ఉండిపోతారు. రెండో రకంలో ఉన్నారంటే మీకు మనోనిబ్బరం లేదని కాదు, మీ ఒంటి తీరు అది.

లెక్క ఒకటి గుర్తుంచుకోండి. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే 300. రెండు గుప్పెళ్ల వేయించిన శనక్కాయలు తింటే ఆ 300 తిరిగొచ్చేస్తాయి. శనక్కాయలు మానేయమని కాదు, "పొద్దున పరుగెత్తా కదా" అని రాత్రి రెండు ఓళిగలు నెయ్యితో లాగించేటప్పుడు ఈ లెక్క మనసులో ఉండాలని. మీరు కూడా టిఫిన్ ఎగ్గొట్టొద్దు. అరగంటకు మజ్జిగ, గంటన్నర లోపు గుడ్లో, పెసరట్టో, ప్రొటీన్ ఉన్న టిఫిన్ మామూలు కొలతలో తినండి. తగ్గించాల్సింది రాత్రి తిండి, అది కూడా పొద్దున సరిగ్గా తింటేనే తగ్గుతుంది.

వ్యాయామం మానేస్తే ఆకలి తగ్గుతుందిలే అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి. 1956లో పశ్చిమ బెంగాల్ జూట్ మిల్లు పనివాళ్ల మీద పోషకాహార శాస్త్రవేత్త జాన్ మేయర్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం అచ్చయింది. మోస్తరు నుంచి బరువు పనిదాకా చేసేవాళ్లు పనికి తగ్గట్టు తింటున్నారు. కూర్చుని చేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మాత్రం అవసరానికి మించి తిని బరువెక్కారు. కదలని ఒంటికి ఎంత తినాలో అంచనా దొరకదు. కాబట్టి కష్టంగా ఉన్నా కదలడం ఆపకండి.

వారానికోసారి చూసుకోవాల్సినవి

ప్రతి ఆదివారం పొద్దున ఒకే టైమ్‌కు, పరగడుపున బరువు రాసుకోండి. ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లకు వరసగా మూడు వారాలు బరువు పడిపోతుంటే, నిద్ర పట్టకపోతే, చిన్నదానికే చిరాకేస్తుంటే, మాటిమాటికీ జలుబు చేస్తుంటే తిండి చాలడం లేదని అర్థం. ఆడపిల్లలకు ఒక మాట గట్టిగా చెప్తున్నా: ప్రాక్టీస్ మొదలయ్యాక నెలసరి తప్పిపోతే "హమ్మయ్య, పరుగుకు ఇబ్బంది లేదు" అనుకోకండి. తిండి సరిపోక ఒళ్లు పక్కన పెట్టేసిన పని అది. ఎముకలు బలహీనపడతాయి, మోకాలి కింది ఎముకకు సన్నగా పగుళ్లు వస్తాయి, మొత్తం ప్రాక్టీసే ఆగిపోతుంది. క్రీడాకారుల్లో ఈ తిండి కొరత ఎంత నష్టం చేస్తుందో 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి మరీ హెచ్చరించింది, అది ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ ఉంటుందని కూడా చెప్పింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి, సిగ్గుపడొద్దు.

వ్యాయామం లేని రోజున కూడా ఆకలి వేయకపోతే, వారాల తరబడి అలాగే ఉండి బరువు తగ్గుతుంటే అది పరుగు వల్ల కాదు, పరీక్షలు చేయించుకోండి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు ఆకలి లేదని తినకుండా ఉంటే షుగర్ పడిపోవచ్చు, గట్టి వ్యాయామం చేసిన రోజు ఆ రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. మందు మోతాదు, తినే వేళ రెండూ డాక్టర్‌తో మాట్లాడుకున్నాకే మొదలుపెట్టండి.

ఈవెంట్స్ రోజు

1600 మీటర్లు అయ్యాక 100 మీటర్లు, లాంగ్ జంప్ అదే రోజు ఉంటాయి, మధ్యలో ఎంతసేపు కూర్చోబెడతారో ఎవరికీ తెలియదు. టెన్షన్ ఒకవైపు, ఎండ ఒకవైపు, పరుగు వల్ల అణిగిన ఆకలి ఇంకోవైపు, అడిగితే ఎవరూ తినరు. లోపలికి అనుమతిస్తే ఉప్పు మజ్జిగో, ఓఆర్ఎస్సో, అరటిపండ్లో పెట్టుకుని వెళ్లండి. 1600 అయ్యాక నడక, నీళ్లు, పావుగంటకు ఒక అరటిపండు, వెయిటింగ్ గంట దాటితే ఇంకోటి. కొత్త పౌడర్లు, ఎనర్జీ డ్రింకులు ఆ రోజే మొదటిసారి తాగకండి. ప్రాక్టీస్‌లో ఏది పడిందో అదే, ఆ సీసాలోనే, అంతే మోతాదులో తీసుకెళ్లండి.